పక్కన కూర్చునే మాట

బాలాజీ కాలనీలో టైలరంగడి మీద మేడగది.
సాయంత్రం ఆరు గంటల బ్యాచ్.
బోర్డు నడుమ ఒకే మాట రాసినాను: పారనోయా.
"దీని పక్కన ఏ మాట కూర్చుంటుందో చెప్పండి.
ఇంగ్లీషు మాటలు పెండ్లి పంక్తిలో చుట్టాల మాదిరి,
ఎవరి పక్కన పడితే వాళ్ల పక్కన కూర్చోవు."
ప్రతి బ్యాచ్ నవ్వే చోటే వీళ్లూ నవ్వినారు.

పలమనేరు తబస్సుమ్ "సివియర్" అనింది.
వెనక బెంచీ జయచంద్ర "క్రీపింగ్" అన్నాడు.
పాకేది. సరే. టిక్కు కొట్టినాను.

మా అన్న చెంగల్రాయులు కాడికి అది పాకి రాలేదు,
కరెంటాఫీసు సైకిలెక్కి వచ్చింది.
ఇరవై రెండేండ్లు కొర్లగుంటలో మీటర్లు చదివినాడు.
ఏ ఇంట్లో కుక్క కరుస్తుందో, ఏ ఇంట్లో మజ్జిగిస్తారో
అంకెలతో పాటు గుర్తు ఆయనకు.
కొత్త మీటర్లు బిగించిన ఆషాఢంలో
ఒక రాత్రి నన్ను లేపి చెవిలో చెప్పినాడు:
"ఇన్నాళ్లూ మనం వాటిని చదివినాం రా.
ఇప్పుడవి మనల్ని చదవతా ఉండాయి."
నవ్వినాను.
అంత బాగా చెప్పినాడనే నవ్వినాను.
ఆ నవ్వును కూడా రాసుకున్నాడు
రీడింగు పుస్తకంలో, తేదీ వేసి.

"ఎ టచ్ ఆఫ్" అన్నారు ముందు వరసలో ఎవరో.
చిటికెడు. కూరలో ఉప్పు మాదిరి.
"ఫుల్ బ్లోన్."
పూర్తిగా విచ్చుకున్నది.
తెల్లోళ్లు దీనిక్కూడా పూలు పూయించినారు!
పిల్లోళ్లు వంచిన తల ఎత్తకుండా రాసుకుంటా ఉండారు.

మన మాటలో ఇంత వెతుకులాట లేదు.
అనుమానం పడతాం, గుంతలో పడినట్టు.
ఆకలేసినట్టే, చలేసినట్టే, భయమేస్తుంది.
ఆకలేస్తే సంగటి. చలేస్తే దుప్పటి.
భయమేస్తే ఏం చెయ్యాలో మా అవ్వకు తెలిసుండేది:
ఉప్పూ మిరపకాయలూ మూడు చుట్లు తిప్పి పొయ్యిలో.
రుయాలో డాక్టరుకు తెలుసు:
రాత్రిపూట ఒకటి, తెల్లది.
అన్న మింగనన్నాడు.

ఇంతియాజ్ లేచి నిలబడి,
"బేస్‌లెస్, సార్" అన్నాడు.
పుస్తకంలోనూ అదే ఉంది.
చాక్‌పీస్ బోర్డు దాకా పోయి ఆగింది.

ఆధారం లేనిది.
వదిన భువనమ్మా నేనూ మిద్దె మెట్ల మీద
గుసగుసలాడింది ఆయన గురించే.
ఫోను ఎత్తుకొని గోడవతలకు పోయింది ఆయన గురించే.
రుయాకు పోయిన దినం
లీలామహల్ కాడ పనుందని అబద్ధం చెప్పినాను.
"నా వెనకాల ఏందో జరగతా ఉండాది" అంటాడు.
జరగతా ఉండాది.
"తినేదాంట్లో ఏందో కలపతా ఉండారు" అంటాడు.
ఏడున్నరకు గరిటె వెనకతో మాత్ర నలిపి
సెనిక్కాయల ఊరిబిండిలో కలపతాది వదిన.
వంటింటి గడప కాడ కాపలా నేను.

"రైటా సార్?"
"పుస్తకం ప్రకారం రైటే" అన్నాను.
టిక్కు కొట్టలేదు. ఇంతియాజ్ చూసినాడు.

ఆ రాత్రి అన్న సంగటి ముద్దకు గుంత చేసి,
ఊరిబిండి పెట్టి, తట్ట నా ముందుకు జరిపినాడు.
"ముందు నువ్వు తిను."
కోపం లేదు కండ్లలో.
మీటరు ముందు నిలబడే చూపు అది,
అంకె తిరిగేదాకా ఓపిగ్గా కాచుకునే చూపు.
వదిన చేతిలో చెంబు గాల్లోనే నిలిచిపోయింది.

తిన్నాను.
చేదు తగలకుండా ఎంత బాగా కలిపిందో మహాతల్లి.
నా గొంతు కదిలేది చూసి,
ఇంకొంచేపు నా మొగం చూసి,
మిగిలిన ముద్దంతా తినేసినాడు,
ఎంగిలి అనుకోకుండా,
చిన్నప్పుడు నేనొదిలేసింది తిన్నట్టే.

పదికంతా నిద్రపోయినాడు.
నాకూ రెప్పలు బరువెక్కినాయి, నాలిక మందం.
అయినా లేచినాను.
వసారాలో మీటరు ఎర్ర దీపం
ఆరతా, వెలగతా,
ఆరతా.
తువ్వాలు తెచ్చి దాని మీద కప్పినాను.
ఈ పొద్దుటికి చదివింది చాల్లే అన్నాను,
గట్టిగా కాదు,
ఎవరైనా వింటారేమోనని.